మేత సంచులు

"ఓటీపీ వచ్చిందా?"

పొద్దున్న తొమ్మిదింబావుకి కాస్త ముందు ఆ ఇంట్లో కుసుమ ఫోను మోగిందంటే, అవతల ఉన్నది భర్త వినయ్ అనీ, అడగబోయేది ఈ ఒక్క మాటే అనీ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వేళకి ఆమె చేతులు ఎందులో ఉంటాయో చెప్పలేం. ఒకరోజు అట్లపిండిలో, ఒకరోజు ఐదేళ్ళ నిహారిక జడలో, ఒకరోజు మావయ్యగారి పంచెలు నానబెట్టిన సబ్బునీళ్ళలో. ఎందులో ఉన్నా కొంగుకి తుడుచుకుని, ఫోను తీసి, తెర మీద మెరిసిన ఆరంకెలూ చదవాలి. అతను "ఆఁ, సరే" అని పెట్టేస్తాడు. అతని వెనకాల తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో వేలం కేకలు ఒక్క క్షణం వినపడి ఆగిపోతాయి. కుసుమ మళ్ళీ పిండిలో చెయ్యి పెడుతుంది.

మూడేళ్ళుగా ఇదే వరస. తొమ్మిదింబావుకి షేర్ల మార్కెట్టు తెరుస్తారు, వినయ్ కొని అమ్మే షేర్ల ఖాతా కుసుమ పేరున ఉంది, ఆమె ఫోనుకి వచ్చే ఆ అంకెలు లేనిదే అది తెరుచుకోదు. వినయ్ వాళ్ళ నాన్న పట్టాభిరామయ్యగారికి షేర్లంటే పడదు. "ఉల్లిపాయ కుళ్ళితే వాసనొస్తుందిరా, అవి కుళ్ళినా తెలీదు" అంటారాయన. కొడుకు పేరున కవరు వస్తే దుకాణంలో ఆయనే విప్పి చూస్తారు. కోడలి పేరున వచ్చిన కవరు విప్పరు, మర్యాద తెలిసిన మనిషి. ఆ మర్యాద చాటున వినయ్ ఖాతా నడుస్తోంది, అది ఉందని ఆయనకు తెలుసు, లెక్కలే తెలీవు. ఫొటో కుసుమది, సంతకం కుసుమది, పాన్ కార్డు కుసుమది, ఫోను నంబరు కుసుమది. పాస్‌వర్డ్ మాత్రం ఆమెకు తెలీదు. అత్తగారు జగదాంబ పేరంటాలకు వెళ్ళినప్పుడల్లా, మా కోడలి పేరున బోల్డు షేర్లున్నాయండీ, మావాడు ఏం కొన్నా దాని పేరునే కొంటాడు అని చెప్పుకునేవారు. ఆవిడ సంతోషం అబద్ధం కాదు. విన్నవాళ్ళంతా కుసుమని చూసి "అదృష్టవంతురాలివమ్మా" అనేవారు. కుసుమ కాఫీ గ్లాసులు ఏరుకుంటూ నవ్వేది.

వినయ్ చెడ్డవాడని ఎవరూ అనలేరు, కుసుమ అసలే అనదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఉల్లిపాయల కొట్టువాళ్ళ కోడలివై ఉండి ఇదేంటి" అని నవ్వి చాకు లాక్కున్నాడు. ఆ రోజు నుంచి ఆదివారం వచ్చిందంటే వంటింటి గట్టు మీద కూర్చుని ఉల్లిపాయలన్నీ అతనే తరుగుతాడు. కొడుకు వంటింట్లో కూర్చోవడం ఏమిటని జగదాంబగారు మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. అడిగితే ఏదైనా చేస్తాడు వినయ్. తను ఎవరినైనా అడగాలన్నది మాత్రం అతనికెవరూ నేర్పలేదు.

కిందటేడు ఏలూరులో భానుప్రకాష్ అనే ఆయన ఆదివారాలు షేర్ల క్లాసులు పెట్టాడు. ఒక మేడ మీద హాలు, ముప్ఫై కుర్చీలు, ఒక తెర. ఒక ఆదివారం ఏలూరులో పెళ్ళి ఉండి ముగ్గురూ కలిసి వెళ్ళారు. భోజనాలయ్యాక వినయ్, "ఒక్క గంట కూర్చో కుసుమా, పాప ఎలాగూ పడుకుంటుంది కదా" అని ఇద్దరినీ ఆ హాలు చివరి వరసలో కూర్చోబెట్టాడు. పాప నిజంగానే ఒళ్ళో నిద్రపోయింది. పట్టుచీర మీద చెమటతో, పాప తల బరువుకి తిమ్మిరెక్కిన చేత్తో కుసుమ తెర వైపు చూస్తూ కూర్చుంది. ఆ హాల్లో ఆడమనిషి ఆమె ఒక్కతే.

తెర మీద పైన ఒక గీత, కింద ఒక గీత. పైది ధర. కిందది ఆర్‌ఎస్ఐ అట. పద్నాలుగు రోజుల్లో పెరిగిన రోజుల పెరుగుదలని తగ్గిన రోజుల తరుగుదలతో పోల్చి, సున్నాకీ నూరుకీ మధ్య ఒక అంకె వేస్తుందట. డెబ్బై దాటితే కొనేవాళ్ళ జోరు మరీ ఎక్కువైందని, ముప్ఫై దిగితే అమ్మేవాళ్ళ జోరు మరీ ఎక్కువైందని అర్థం. "గట్టు ఎక్కే ట్రాక్టరు ఉందనుకోండి. ఇంకా పైకే వెళుతోంది. కానీ ఇంజను చప్పుడు తగ్గుతోంది. అప్పుడేమనుకోవాలి? ధర కొత్త ఎత్తుకి వెళ్ళింది, ఈ కింది అంకె మాత్రం పోయినసారి ఎత్తుకి చేరలేదు. అంటే ఊపు తగ్గుతోంది. వెనక్కి తిరిగే అవకాశం ఉంది. అవకాశమే సుమండీ, తప్పకుండా అని కాదు," అన్నాడు భానుప్రకాష్. ముందు వరసలవాళ్ళు గబగబా రాసుకున్నారు. ఒకాయన, ఇంకోసారి చెప్పండి సార్, అర్థం కాలేదు అన్నాడు.

కుసుమకి ఒక్కసారికే అర్థమైంది. ట్రాక్టరు వల్ల కాదు, ఆమెకు కలిదిండి చెరువులు కళ్ళ ముందుకొచ్చాయి.

కుసుమ నాన్నకి కలిదిండిలో చేపల మేత కొట్టు. చేప ముట్టని ఇంట్లో చేపల మేత అమ్మడం ఏమిటని ఊళ్ళో హాస్యమాడేవారు. నాన్న దగ్గర తవుడూ నూనెచెక్కా తీసుకువెళ్ళి చెరువుల్లో కట్టే మనిషి పేతురు. బడి లేని రోజుల్లో పేతురు కూతురు సిల్వియాతో పాటు కుసుమ కూడా అతని పడవెక్కేది. చిల్లులు పెట్టిన సంచుల్లో మేత నింపి, చెరువులో పాతిన కర్రలకి వరసగా కట్టుకుంటూ పోవడం పొద్దున్న పని. చేపలు వచ్చి ఆ చిల్లుల్ని పొడుచుకుని తింటాయి. రెండు మూడు గంటలు పోయాక మళ్ళీ పడవేసుకుని ఒక్కొక్క సంచీ చేత్తో పట్టి, ఎంత మిగిలిందో చూడడం రెండో పని. ఆ రెండో పని కుసుమకి ఇష్టం. తడి సంచి కింద అరచెయ్యి పెడితే చాలు, ఎంతలో ఉందో తెలిసేది.

ఒక ఏడు ఒక చెరువు రైతు వల వేయించి చేపల్ని తూకం వేయించాడు. పోయినసారి కన్నా బాగా పెరిగాయి. రైతు మహా సంబరపడిపోయి, మేత ఇంకా పెంచమన్నాడు. పేతురు తల గోక్కుని, "బరువు పెరిగిన మాట నిజమేనండి. సంచులు మాత్రం మునుపటిలా ఖాళీ అవటంలేదండి. నాలుగు రోజుల్నించీ చూస్తున్నానండి" అన్నాడు. పెరుగుతున్న చేపకి జబ్బేంటని రైతు కొట్టిపారేశాడు. అయిదోనాడు తెల్లవారేసరికి చెరువు నిండా చేపలు ఊపిరాడక నీటి పైకి నోళ్ళు తెరుచుకుని కొట్టుకున్నాయి. గట్టు మీద నిలబడి చూసిన కుసుమకి ఆ నోళ్ళు చాలా రోజులు కలలోకి వచ్చాయి. పేతురు అప్పుడు ఆడపిల్లలిద్దరితో చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది.

"బరువు నిన్నటి సంగతి చెబుతాదండి పాపగారూ. రేపటి సంగతి సంచి చెబుతాది. అలాగని ఒక్కపూట చూసి గోల పెట్టకూడదు. మబ్బు పట్టినా తినవు. రెండోనాడు చూడాలి, మూడోనాడు చూడాలి, నీళ్ళ రంగు చూడాలి. ఈలోగా కొత్త మేత మాత్రం వెయ్యకూడదు."

ఏలూరు నుంచి రైల్లో తిరిగి వస్తుంటే వినయ్, "పాపం, బాగా విసుగొచ్చిందా?" అని పల్లీల పొట్లం విప్పి ముందు ఆమె చేతిలో పోశాడు. లేదండి అంది కుసుమ. ఇంకేమైనా చెబుదామనుకుంది గానీ, అతను అప్పటికే ఫోనులో పడిపోయాడు.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నాలు, అత్తగారు నడుం వాల్చాక, ట్యూషన్ పిల్లలు వచ్చేలోగా దొరికే ముప్పావుగంట ఆమెది అయింది. అంతకు ముందు ఆ వేళలో బట్టలు మడతపెట్టేది. ఇప్పుడు మడతపెడుతూ ఫోను గోడకి ఆనించి గీతలు చూసేది. వినయ్ ఏ కంపెనీలు కొన్నాడో ఫోనుకి వచ్చే సందేశాల వల్ల తెలుస్తూనే ఉంటుంది. ఆ కంపెనీల గీతలు ఎవరైనా చూడవచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. దేని మీద ఎంత ఊపుందో, పోయిన నెల ఎంతుందో, ఏది అలిసిపోతోందో చూసి నిహారిక పాత డ్రాయింగు పుస్తకం వెనక పేజీల్లో చిన్న చిన్న కొండలు గీసుకునేది. పైన ధర కొండలు, కింద ఊపు కొండలు.

మొదటిసారి నోరు జారింది. ఒక సిమెంటు కంపెనీ ధర దిగుతుందేమోనండి అని వినయ్‌తో అంది. రెండు రోజుల్లో అది ఇంకా ఎక్కి కూర్చుంది. వినయ్ కోప్పడలేదు, దుకాణంలో చెప్పి నవ్వాడంతే. ఆ తర్వాత దుకాణం నుంచి గుమస్తా క్యారేజీకి వచ్చినప్పుడు కూడా, "ఇవాళ మేడమ్‌గారి జోస్యం ఏంటండీ?" అని నవ్వుతూ అడిగేవాడు. ఒక రాత్రి పట్టాభిరామయ్యగారు అన్నం కలుపుకుంటూ, షేర్లు ఆడవాళ్ళ పని కాదమ్మా అని, ఒక ముద్ద మింగి, అసలు మగవాళ్ళ పని కూడా కాదు అన్నారు. అందరితో పాటు కుసుమ కూడా నవ్వింది. వంటింట్లోకి వచ్చి పులుసు గిన్నె మీద మూత సరిగ్గా పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు తెలుసు. ఒక్కపూట సంచి చూసి గోల పెట్టింది. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పలేదు, చూడడం మాత్రం మానలేదు.

ఆ ట్యూషన్ సంగతి చెప్పాలి. కుసుమ డిగ్రీ అయ్యాక పెళ్ళయింది. బీఈడీ చదివి టీచరు అవ్వాలని ఆశ. నాలుగేళ్ళుగా వీధిలో పిల్లలకి లెక్కలు చెప్పి, వచ్చింది వచ్చినట్టు బ్యాంకులో వేసుకుంది. ఈ ఏడు ఎంట్రన్సు రాసింది. ఏలూరు కాలేజీలో సీటు వచ్చింది. పొద్దున్న రైలుకి వెళ్ళి సాయంత్రం రైలుకి వచ్చేయవచ్చు. సీటొచ్చిన రోజు వినయ్ స్వీట్లు తెచ్చాడు. ఫీజు కట్టడానికి ఇంకా మూడు వారాల గడువుంది. ఆ డబ్బున్న బ్యాంకు ఖాతా, షేర్ల ఖాతాకి ముడిపెట్టిన ఖాతా ఒక్కటే.

ఆదివారం వచ్చింది. వినయ్ గట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కుసుమ పొయ్యి మీద పప్పు కలుపుతోంది. అతను చాలా హుషారుగా ఉన్నాడు. రొయ్యల మేత తయారుచేసే కంపెనీ ఒకటి, అతను కొన్నాక రెండు నెలల్లో బాగా ఎక్కింది, మొన్న శుక్రవారం ఎన్నడూ లేని ఎత్తుకి వెళ్ళింది.

"కుసుమా, రేపు పొద్దున్న నీ ట్యూషన్ డబ్బులు కూడా దాంట్లో వేసేద్దాం. మూడు వారాల్లో నీ ఫీజూ వస్తుంది, రైలు పాసూ వస్తుంది, నీకో మంచి బ్యాగూ వస్తుంది."

కుసుమ పొయ్యి తగ్గించింది. ఎప్పుడూ తగ్గించే మంటే, కాని ఈసారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏవండీ, దాని ఊపు తగ్గిందండి."

"దేని ఊపు?"

ఆమె చేతులు కడుక్కుని ఫోను తెచ్చి అతని పక్కన కూర్చుంది. మూడు కొండలు చూపించింది. ఒకదాన్ని మించి ఒకటి ఎత్తు. కింద మూడు కొండలు, డెబ్బై ఎనిమిది, డెబ్బై ఒకటి, అరవై నాలుగు. ఒకదాని కన్నా ఒకటి పొట్టి. వినయ్ ఫోను కాదు, ఆమె ముఖం చూశాడు.

"ఆ రోజు క్లాసులో నిద్రపోయావనుకున్నానే."

"నిద్రపోయింది పాపండి."

అతను నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులో ధైర్యం తెచ్చుకుని కలిదిండి సంచుల సంగతి చెప్పింది. చేప బరువు, మిగిలిన మేత, పేతురు మాట అంతా. ఇంతకాలమైనా అతనికి ఎప్పుడూ చెప్పనే లేదని చెబుతుంటే ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"అయితే పడిపోతుందంటావా?"

"పడుతుందనడం లేదండి. వట్టి మబ్బే కావచ్చు. తెలిసేదాకా కొత్త మేత వెయ్యద్దంటున్నాను."

వినయ్ మళ్ళీ చాకు అందుకున్నాడు. సిమెంటు కంపెనీకి కూడా ఇలాగే అన్నావుగా అన్నాడు. తర్వాత చాలా మెత్తగా, ఉల్లిఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ, "ఇవన్నీ బుర్రలో పెట్టుకుని నువ్వెందుకు కుసుమా కష్టపడడం. నువ్వు ఆ అంకెలు చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటాను కదా" అన్నాడు.

విసుక్కుని ఉంటే ఎంత తేలికగా ఉండేదో. ఆ మెత్తదనమే ఆమె గుండెలో ముల్లులా దిగింది. భోజనాలు పెట్టింది, ఎంగిళ్ళు తీసింది, అత్తగారి మోకాళ్ళకి తైలం రాసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే లోపల గీతలు కదులుతూనే ఉన్నాయి. రొయ్యల మేత కంపెనీవి కావు. ఆమెవే. పెళ్ళైన ఏడు బీఈడీ అంటే ఎంత ఊపు. ఇంకా పసుపు బట్టలు విప్పకుండానే అప్లికేషను ఎప్పుడొస్తుందని అడిగింది. పాప పుట్టాక రెండేళ్ళకి మళ్ళీ అడిగింది, ఈసారి అత్తగారి ముఖం చూసి, మంచి సమయం చూసి అడిగింది. ఈ ఏడు అడగనే లేదు. నిహారిక జడ వేస్తూ, అమ్మ కూడా బడికి వెళ్ళనా అని పిల్లతో మాత్రం అంది. మూడు కొండలు, ఒకదాని కన్నా ఒకటి పొట్టి. పైన చూస్తే మాత్రం అంతా ఎత్తే. మంచి కోడలు, మంచి తల్లి, అదృష్టవంతురాలు, పేరున బోల్డు షేర్లు. ఏటికేడు ఆ ధర ఎక్కుతూనే ఉంది. బరువు చూసి అందరూ మురిసిపోతున్నారు. సంచి కింద చెయ్యి పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు, తను కూడా. ఈ డబ్బు రేపు అటు వెళితే, పోకపోవచ్చు కూడా, నిజంగానే రెట్టింపు కావచ్చు. కాని మూడు వారాల తర్వాత ఇంకో మూడు వారాలు ఆగు అంటే ఆగిపోతుంది తను. అది తనకు తెలుసు. ఇంకోసారి అడిగే ఊపు తనలో మిగలదు.

మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగింది. వినయ్ నడవాలో పాపని పొట్ట మీద వేసుకుని నిద్రపోతున్నాడు. ఫ్యాను గాలికి పాప జుట్టు అతని గడ్డానికి తగులుతోంది. కుసుమ ఆ ఇద్దరినీ కాసేపు చూసి, బట్టల మూట పక్కన కూర్చుని ఫోను తీసింది. ముందు కాలేజీ ఫీజు కట్టింది. ఆరంకెలు వచ్చాయి. ఎవరికీ చదివి వినిపించకుండా, తన వేలితో తనే నొక్కింది. రసీదు వచ్చింది.

తర్వాత షేర్ల ఖాతా తెరిచింది. పాస్‌వర్డ్ మర్చిపోయారా? అని అడిగింది ఫోను. మర్చిపోవడానికి ఎవరైనా చెబితేగా అనుకుంది కుసుమ. అవునని నొక్కింది. పాన్ నంబరు అడిగింది, చెప్పింది. పుట్టినరోజు అడిగింది, చెప్పింది. ఆ ఖాతా తాళం తియ్యడానికి కావలసినవన్నీ మూడేళ్ళుగా ఆమె దగ్గరే ఉన్నాయి.

సోమవారం పొద్దున్న అట్లపిండిలో చేతులుండగా ఫోను మోగింది.

"కుసుమా, పాస్‌వర్డ్ తప్పంటోంది ఏంటో. ఓటీపీ ఏమైనా వచ్చిందా?"

"నేను మార్చానండి."

వేలం కేకలు ఒక్కసారిగా పెద్దవైనట్టు వినపడ్డాయి. కుసుమ చేతులు తుడుచుకుంది. గొంతు పిల్లలకి లెక్క చెప్పే గొంతులాగే వచ్చింది.

"ఫీజు నిన్ననే కట్టేశానండి. మీ షేర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కటి కూడా కదపలేదు. ఏది కొనాలో ఏది అమ్మాలో మీరు చెప్పండి. అంకెలు నేను నొక్కుతాను."

అవతల ఎవరో "వినయ్‌గారూ, పాట మీదే" అని కేకేశారు. జగదాంబగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, కోడలి ముఖం చూసి, ఏమీ అడగకుండా పిండి గిన్నె తన వైపు లాక్కుని తనే అట్టు పోయడం మొదలుపెట్టారు. గోడ మీద గడియారం తొమ్మిదింబావు దాటింది. అతను కోప్పడతాడని కుసుమ ఎదురుచూసింది, నవ్వుతాడని అంతకన్నా ఎక్కువ భయపడింది. ఫోను పెట్టేయలేదని మాత్రం ఆ కేకల్ని బట్టి తెలుస్తోంది. ఆ కేకలు కొంచెం కొంచెంగా దూరమయ్యాయి. బస్తాల చాటుకి వెళ్ళినట్టున్నాడు.

"కుసుమా."

"చెప్పండి."

"ఇవాళ సంచి ఎంతలో ఉంది?"

ఆ అడగడం అతనికి కొత్త. కుసుమ కళ్ళు చెమర్చాయి, ఉల్లిపాయలు లేకుండానే.

"ఉండండి, చూసి చెబుతాను," అని ఫోను గోడకి ఆనించి, తొందర పడకుండా గీతలు తెరిచింది. మూడేళ్ళలో మొదటిసారి, అటువైపు అతను ఎదురుచూస్తున్నాడు.